లండన్‌లో 4 రోజులు, 11 మ్యూజియాలు: ఆ లిస్టుని ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: అక్టోబరు చివరి వారంలో గురువారం పొద్దున దిగి ఆదివారం దాకా లండన్‌లో ఉంటారు. వెంట అరవై ఐదు దాటిన అమ్మానాన్నలు, పదేళ్ల పాప. చేతిలో 11 మ్యూజియాల లిస్టు ఉంది. ఏ వరసలో వెళ్తే అన్నీ పూర్తవుతాయి, సిటీ పాస్ కొనాలా అని అడిగారు.

పాస్ సంగతి ముందు తేల్చేద్దాం. మ్యూజియాల కోసమైతే వద్దు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (ఇక్కడ అందరూ వీ అండ్ ఏ అనే అంటారు), నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియం, ఇలా మీ లిస్టులోని పెద్దవన్నీ ఉచితమే. మధ్యలో కొన్నాళ్లు టికెట్ పెట్టినవి కూడా 2001 డిసెంబరుకల్లా తీసేశాయి. లోపల జరిగే ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం విడిగా టికెట్ ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్లకి వాటి అవసరం లేదు.

ఇక వరస. ఏ వరసలో వెళ్లినా అన్నీ అవ్వవు.

నేను పదిహేడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. నాది అకౌంట్స్ ఉద్యోగం, మ్యూజియాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా తిప్పే డ్యూటీ నాది కాబట్టి బ్రిటిష్ మ్యూజియం మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ మీలాగే లిస్టు రాసుకున్నాను. ఒక్క రోజులో మూడు. రెండోదాంట్లో, గ్రీకు కుండల గదిలో, నాన్న ఒక బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు వదులు చేసుకుని, "ఇందాకటి నుంచీ అన్నీ కుండలేరా. నువ్వు చూసిరా, నేనిక్కడే ఉంటా" అన్నారు. అరగంట తర్వాత వెనక్కొస్తే అమ్మ కూడా ఆయన పక్కనే కూర్చుని ఉంది. మూడోదానికి వెళ్లనే లేదు. ఆ ట్రిప్పు గురించి ఇప్పటికీ వాళ్లు చెప్పుకునేది ఆ బెంచీ గురించే.

తప్పు వాళ్లది కాదు, నా లెక్కది. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి. అందులో జనం చూడ్డానికి పెట్టినవి 80 వేల దాకా. ఒక్కోదాని ముందు అర నిమిషం నిలబడ్డా, రోజుకి ఏడు గంటల చొప్పున మూడు నెలలు పైనే పడుతుంది. ఒక్క భవనానికే ఇది. కాబట్టి "పూర్తి చేయడం" అనే మాటని ముందు పక్కన పెట్టేయండి.

ఉచితం అనగానే మనవాళ్లు "అయితే అంతా చూసేద్దాం" అనుకుంటారు. నేను దాన్ని తిరగేసి చెప్తాను. టికెట్ కొన్నచోట పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలన్న ఆరాటం ఉంటుంది, కాళ్లు లాగుతున్నా ఇంకో గది, ఇంకో గది అని నడుస్తాం. ఇక్కడ అది అక్కర్లేదు. నలభై నిమిషాలు చూసి బయటికొచ్చేయొచ్చు. కావాలంటే మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చు. ఈ ఊళ్లో ఉండేవాళ్లు చాలామంది చేసేదదే: లంచ్ టైములో వచ్చి, ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చుని ఆఫీసుకి పోతారు.

దీనికి నేషనల్ గ్యాలరీలోనే ఒక పాత కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి భయపడి అక్కడి చిత్రాలన్నిటినీ ఊరు దాటించి, చివరికి వేల్స్‌లో ఒక పలకరాతి గనిలో దాచారు. గోడలు బోసిపోయాయి. ఒక్కటైనా చూపించండని జనం అడిగితే, 1942 నుంచి నెలకో చిత్రాన్ని గని నుంచి తెప్పించి పెట్టడం మొదలుపెట్టారు. ఒక్క చిత్రం, నెలంతా. దానికోసం జనం వచ్చేవారు. నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది, యుద్ధం లేకపోయినా.

అందుకని ఒక్కో మ్యూజియానికి మూడు వస్తువులు ముందే ఎంచుకోండి. అవి చూశాక ఓపిక ఉంటే మిగతాది, లేకపోతే బయటికి. ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త: ఈ మ్యూజియాల వెబ్‌సైట్లలో వస్తువు పేరు కొట్టి వెతికితే ఏ గదిలో ఉందో, అసలు ప్రదర్శనలో ఉందో లేదో చూపిస్తుంది. వెళ్లే రోజు పొద్దున అది తప్పకుండా చూసుకోండి. గ్యాలరీలు మరమ్మతులకి మూస్తూ ఉంటారు, వస్తువులు వేరే దేశాలకి అప్పుగా వెళ్తూ ఉంటాయి. ఒకసారి ఒక ఫ్రెండుని గంటన్నర రైల్లో తీసుకెళ్లి చూపిద్దామనుకున్న బొమ్మ చోట చిన్న అట్టముక్క కనిపించింది, మరో ప్రదర్శనకి పంపామని. రెండు నిమిషాల పని చేయనందుకు రోజంతా పోయింది.

ఇప్పుడు మీ రోజులకి వస్తాను. ముందు ఒక సంగతి తెలుసుకోండి, మీరొచ్చే వారం ఇక్కడి స్కూళ్లకి హాఫ్ టర్మ్ సెలవులు పడే వారం. నేచురల్ హిస్టరీ మ్యూజియం బయట పసిపిల్లల తోపుడుబళ్లతో, పిల్లలతో క్యూ రోడ్డు మీదికి వస్తుంది. ఉచితమే అయినా టైమ్ స్లాట్ ఆన్‌లైన్లో ముందే బుక్ చేసుకోండి, అదీ పదింటికి తెరవగానే ఉండే మొదటి స్లాటు. మీరు ఆ పొద్దునే విమానం దిగుతున్నారు కాబట్టి గురువారం మాత్రం వద్దు, శనివారానికి పెట్టుకోండి.

గురువారం: హోటల్లో సామాను పడేసి, కాసేపు పడుకుని, మధ్యాహ్నం వీ అండ్ ఏ. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి మ్యూజియాల దాకా నేల కింద సొరంగ మార్గం ఉంది, వాన పడినా తడవరు. లోపల నేను పాపకి చూపించేది టిప్పు పులి. 1790లలో మైసూరులో చేసిన చెక్క పులి, కింద పడి ఉన్న ఒక యూరోపియన్ మీదెక్కి కొరుకుతూ ఉంటుంది. పక్కన ఒక పిడి ఉంటుంది. అది తిప్పితే మనిషి చెయ్యి పైకీ కిందికీ ఊగుతూ మూలుగు వినిపిస్తుంది, పులి గుర్రుమంటుంది. పులి డొక్కలో తలుపు తీస్తే చిన్న ఆర్గాన్ మెట్లు! 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఈస్టిండియా కంపెనీవాళ్లు దాన్ని లండన్‌కి తెచ్చి తమ ఆఫీసులో పెడితే, వచ్చినవాళ్లంతా ఆ పిడి తిప్పి పక్కనున్న లైబ్రరీలో చదువుకునేవాళ్ల ప్రాణాలు తోడేసేవారట. ఇప్పుడు ఎవరూ తిప్పనివ్వరు, శబ్దం వీడియోలో వినాల్సిందే. ఇది ప్రదర్శనలో ఉందో లేదో ముందు చూసుకోండి, నేను పైన చెప్పింది ఇలాంటి వాటి గురించే.

వీ అండ్ ఏలో రెండోది కాస్ట్ కోర్ట్స్. యూరప్‌లోని పెద్ద పెద్ద శిల్పాలకి ప్లాస్టర్‌తో తీసిన నకళ్లు అక్కడుంటాయి. రోములోని ట్రాజన్ స్తంభం గదిలో పట్టక రెండు ముక్కలు చేసి పక్కపక్కన నిలబెట్టారు. మైకలాంజెలో డేవిడ్ నకలు కూడా ఉంది. రాజవంశం వాళ్లు చూడ్డానికొచ్చినప్పుడు ఆ విగ్రహానికి తగిలించడానికని ప్లాస్టర్‌తో ఒక ఆకు చేయించి పెట్టుకున్నారు, ఆ ఆకునీ దాచి ఉంచారు. మీ అమ్మగారు నవ్వాపుకోలేరు. తర్వాత నడిమి తోటలో కూర్చోండి. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో లోతులేని నీటి మడుగు ఉంటుంది, ఎండాకాలంలో పిల్లలు అందులో దిగి ఆడతారు. అక్టోబరులో దిగనివ్వకండి.

శుక్రవారం: లండన్ మ్యూజియాలకి అసలు రోజు ఇదే. చాలావరకు ఐదూ ఆరు మధ్య మూసేసే మ్యూజియాలు శుక్రవారం మాత్రం ఆలస్యంగా మూస్తాయి: బ్రిటిష్ మ్యూజియం ఎనిమిదిన్నరకి, నేషనల్ గ్యాలరీ తొమ్మిదికి, వీ అండ్ ఏ పదికి. స్కూలు పిల్లలు, టూరు బస్సులు వెళ్లిపోయాక ఆ గదులు వేరేగా ఉంటాయి. మీ నాన్నగారు కోహినూర్ చూడాలంటున్నారని రాశారు కదా, అది మ్యూజియంలో లేదు, టవర్ ఆఫ్ లండన్‌లో ఉంది. దానికి మాత్రం టికెట్ ఉంది, పెద్దవాళ్లకి 30 పౌండ్ల పైనే. శుక్రవారం పొద్దున తెరిచే టైముకి అక్కడుండి, మిగతావి వదిలేసి నేరుగా జ్యువెల్ హౌస్‌కి నడవండి. కిరీటాల ముందు మిమ్మల్ని నిలబడనివ్వరు, కదిలే పట్టీ మీద తీసుకెళ్తారు. కొన్ని సెకన్లే. జనం తక్కువుంటే వెనక్కొచ్చి మళ్లీ ఎక్కొచ్చు, పొద్దునే వెళ్లమన్నది అందుకే.

మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ రాయి, రాణీ ఎలిజబెత్ తల్లిగారి కిరీటంలో ఉంది. మీరు ఊహించుకున్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది, నాన్నగారికి ముందే చెప్పండి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో పెట్టినప్పుడు అది 186 క్యారట్లు. సరిగ్గా మెరవట్లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది సానబెట్టించారు, మెరుపొచ్చింది, బరువు 105.6 క్యారట్లకి పడిపోయింది.

మధ్యాహ్నం హోటల్‌కి వెళ్లి అందరూ పడుకోండి. నిజంగా చెప్తున్నా, ఈ ప్లానులో ముఖ్యమైన భాగం ఆ రెండు గంటల నిద్రే. సాయంత్రం ఐదింటికి బ్రిటిష్ మ్యూజియం. గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ గేటు దగ్గర క్యూ ఉంటే భవనం చుట్టూ తిరిగి వెనకవైపు మాంటేగ్ ప్లేస్ గేటుకి వెళ్లండి, అక్కడ తక్కువగా ఉంటుంది. రోజెట్టా స్టోన్ 4వ నంబరు గదిలో, ముందుకే కనిపిస్తుంది. ఒకే ఆజ్ఞని మూడు లిపుల్లో చెక్కిన రాయి. అందులో గ్రీకు చదవగలిగారు కాబట్టే 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఈజిప్టు బొమ్మల లిపి గుట్టు విప్పగలిగాడు. దాని ముందు ఫొటోల గుంపు ఎప్పుడూ ఉంటుంది, ఐదు నిమిషాలు చాలు. పాపకి పైన మమ్మీల కన్నా 40వ గదిలో లూయిస్ చదరంగం బొమ్మలు చూపించండి. వాల్రస్ దంతంతో 12వ శతాబ్దంలో చేసినవి. రాణులు చెంపకి చెయ్యి పెట్టుకుని దిగులుగా కూర్చుంటారు. ఒక సిపాయి పూనకమొచ్చినట్టు తన డాలు అంచునే పళ్లతో కొరుకుతుంటాడు. పిల్లలు ఆ సిపాయిని మర్చిపోరు.

మిగిలిన ఓపికంతా 33వ గదికి దాచుకోండి. చైనా, దక్షిణాసియాల పొడవాటి గ్యాలరీ అది. దాని చివర అద్దాల గదిలో మన అమరావతి ఉంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ ఊరొచ్చే మనవాళ్లలో సగంమందికి ఇది ఇక్కడుందనే తెలియదు. కృష్ణ ఒడ్డున మహాస్తూపాన్ని అలంకరించిన పలకలు ఇవి, పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు అధికారి తవ్వించాడు. ఏళ్ల తరబడి మద్రాసులో ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. మిగతా పెద్ద భాగం చెన్నై మ్యూజియంలో ఉంది. రాయి త్వరగా పాడయ్యే రకం కాబట్టి అద్దాల వెనక పెట్టారు.

అందులో రెండు వైపులా చెక్కిన ఒక పలక ఉంది, వెతకండి. దాని పాత వైపు క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటిది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెడుతున్న జనం. బుద్ధుడు ఉండడు, అప్పటికి ఆయన్ని మనిషి రూపంలో చెక్కేవారు కాదు. దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత ఎవరో శిల్పి అదే రాయిని తిరగేసి, రెండో వైపు స్తూపాన్నే చెక్కాడు: అండం (బోర్లించిన గిన్నెలాంటి గుండ్రటి భాగం), చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వరసగా ఐదు స్తంభాలు. ఆ వైపు బుద్ధుడు మనిషి రూపంలో కనిపిస్తాడు. అసలు స్తూపం ఇప్పుడు లేదు. అదెలా ఉండేదో మనకి చెప్పేవి ఇలాంటి పలకలే. మా అమ్మ ఆ గదిలో పావుగంట నిలబడింది. కుండల గదిలో బెంచీ వెతుక్కున్న మనిషే.

పాప ఒక ప్రశ్న అడుగుతుంది, సిద్ధంగా ఉండండి: "మన రాళ్లు వీళ్ల దగ్గరెందుకున్నాయి?" దాటవేయకండి. పులి యుద్ధంలో దోచుకున్నది, కోహినూర్ 1849లో సిక్కు రాజ్యాన్ని కలిపేసుకున్నప్పుడు ఒప్పందంలో రాయించి తీసుకున్నది, అమరావతి పలకలు పాలించేవాళ్ల అధికారులు తవ్వి పంపించినవి. మూడూ మూడు రకాలు. తిరిగివ్వొచ్చు కదా అంటే, బ్రిటిష్ మ్యూజియం తన వస్తువుల్ని కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే వదులుకోకూడదని 1963 నాటి చట్టం ఒకటుంది. చట్టం మార్చాలా వద్దా అన్నది మీరూ పాపా రాత్రి భోజనం దగ్గర తేల్చుకోండి.

శనివారం: పదింటికి నేచురల్ హిస్టరీ. హాల్లో తల పైకెత్తితే 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం మీ మీదికి దూకుతున్నట్టు వేలాడుతుంటుంది. డైనోసార్ల గ్యాలరీకి ముందు వెళ్లి, తిమింగలాన్ని తర్వాత చూడండి. పదకొండు దాటితే డైనోసార్ల దగ్గర కదలలేరు. రెండు గంటల్లో బయటపడండి. పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో 1969లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 10 క్యాప్స్యూల్ ఉంది, పాపకి ఇష్టమైతే ఆ ఒక్కటి.

నేషనల్ గ్యాలరీని శనివారం సాయంత్రానికి పెట్టుకోవచ్చు, ఆరింటిదాకా ఉంటుంది. నా మూడింటిలో ఒక్కటి మాత్రం ఇక్కడ చెప్తాను. హోల్బీన్ 1533లో వేసిన "ది అంబాసిడర్స్". రెండు మీటర్ల పైన నలుచదరం బొమ్మ. ఇద్దరు దొరలు, మధ్య బల్ల మీద గోళాలు, గడియారాలు, తీగ తెగిన వాద్యం. వాళ్ల కాళ్ల దగ్గర ఏదో బూడిదరంగు మరక ఏటవాలుగా సాగినట్టుంటుంది. పాపకి ఏమీ చెప్పకండి. బొమ్మకి కుడివైపు చివరికి తీసుకెళ్లి, గోడకి దగ్గరగా నిలబెట్టి, పక్కచూపుతో చూడమనండి. మరక పుర్రెగా మారుతుంది. తర్వాత మీ నాన్నగారిని కూడా అక్కడే నిలబెడుతుంది చూడండి.

ఆ గ్యాలరీలోకి నీళ్ల బాటిల్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. 2022లో వాన్ గో వేసిన పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద ఇద్దరు నిరసనకారులు టొమాటో సూప్ పోశారు, అలాంటివి మరికొన్ని జరిగాక 2024 అక్టోబరులో ద్రవాలు లోపలికి తేవద్దన్నారు. మందులకి, పసిపిల్లల పాలకి మినహాయింపు ఉంది.

ఆదివారం పాప ఇష్టం. ఊరికి తూర్పున ఒలింపిక్ పార్కులో 2025లో తెరిచిన వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ అని ఉంది, మ్యూజియం గోడౌన్‌లోకే జనాన్ని రానిస్తారు. రెండు వారాల ముందే ఆన్‌లైన్లో కోరుకుంటే, మీరు ఎంచుకున్న వస్తువుల్ని, ఐదింటి దాకా, బయటికి తీసి మీ ముందు పెడతారు. ఇదీ ఉచితమే. పదేళ్ల పిల్ల తనే వెతికి ఎంచుకున్న వస్తువు కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉంటారంటే దానికుండే గొప్ప వేరు. వెంటనే బుక్ చేయండి.

మీ లిస్టులో కొట్టేయాల్సినవి: బార్బికన్ దగ్గరి మ్యూజియం ఆఫ్ లండన్ 2022 డిసెంబరులోనే మూసేశారు, పాత బ్లాగుల్లో ఇంకా ఉంటుంది. సర్ జాన్ సోన్ మ్యూజియం నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టం, ఒక ఆర్కిటెక్టు తన ఇంటిని ఉన్నదున్నట్టు దేశానికి వదిలేసి పోయాడు, నేలమాళిగలో ఈజిప్టు రాజు శవపేటిక కూడా ఉంది. కానీ ఇరుకు మెట్లు, ఇరుకు దారులు. అమ్మానాన్నలతో వద్దు, మీరు ఇంకోసారి వచ్చినప్పుడు ఒంటరిగా వెళ్లండి. మిగతావి వదిలేసినా ఏమీ నష్టం లేదు.

చిల్లర సంగతులు: పెద్ద మ్యూజియాల్లో వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, ముందురోజు ఈమెయిల్ పెట్టండి, మొహమాటపడకండి. సౌత్ కెన్సింగ్టన్‌లో పికడిల్లీ లైను నుంచి పైకి లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులుంటే బస్సో టాక్సీయో మేలు. గుమ్మంలో ఐదు పౌండ్లు ఇమ్మని డొనేషన్ మెషీన్ కనిపిస్తుంది. అది టికెట్ కాదు, ఇష్టమైతేనే. వాలంటీర్లు నడిపే ఉచిత టూర్లు ఉంటాయి, అరగంటవి బాగుంటాయి, గంటవి నాన్నగారికి వద్దు. ఆదివారం హోటల్ ఖాళీ చేశాక సూట్‌కేసులతో మ్యూజియానికి పోకండి, పెద్ద పెట్టెలు లోపలికి రానివ్వరు. హోటల్లోనే వదిలి వెళ్లండి. ఆ రాత్రి ఫ్లైటు ఎన్నింటికో రాస్తే, స్టోర్‌హౌస్‌కి ఏ స్లాటు తీసుకోవాలో చెప్తాను.